ఉప్పలు గడ్డిమళ్లును వ్యవసాయ విశ్వవిద్యయును

కొన్ని నాళ్ల క్రిందట ఒక ఉదయమున ఉప్పలు నుండి యొక గడ్డిరైతు తన కూతును వెంటబెట్టుకొని మన సంఘ కార్యాలయమునకు వచ్చెను. ఆయన మూసీ యొడ్డున రెండెకరముల నేల కౌలునకు తీసికొని పారాగడ్డి పెంచి, ఉప్పలు, నాచారము ప్రాంతముల పాడివారికి మోపులు కట్టి అమ్ముకొనువాడు. కూతురు జీవశాస్త్రములు తీసికొని ఇంటర్మీడియటు పూర్తిచేసినది. వ్యవసాయ విశ్వవిద్యాలయమున చేరెదనని ఆమె పట్టుపట్టగా, తండ్రికి మనసొప్పక, ఏమి చేయుటయో మమ్ము అడిగి పోవుదమని వచ్చియున్నారు.

"యాభై యేండ్ల సంది మా ఇంట్ల గడ్డి కోస్తున్నం సారూ. గడ్డి కోసెటందుకు సదువెందుకు? పోనీ సదివినంక, ఈ భూమి ఉంటదా?" అని ఆయన అడిగెను.

ఇవి రెండు ప్రశ్నలు. మొదటిదానికి మేము వెంటనే సమాధానము చెప్పగలిగితిమి. రెండవది మమ్ము చాల దినములు వెంటాడినది. మన చదువరులలో పెక్కుమంది యిండ్లలో ఇప్పుడు ఇదే చర్చ జరుగుచుండును గావున, ఆనాడు మేము చెప్పినదియు, చెప్పలేకపోయినదియు ఇందు వ్రాయుచున్నాము.

వ్యవసాయ విద్య యనగా నాగలి పట్టుట నేర్పు బడి యని పట్టణవాసులు తలంతురు. తమకు తెలిసినదానినే డబ్బిచ్చి ఇంగ్లీషులో మరల వినుట యని రైతులు తలంతురు. రెండును పొరపాటే. ఏల పొరపాటో చెప్పుటకు మా స్వంత తప్పిదమును ముందు చెప్పుట న్యాయము.

ఇరువది యేండ్ల క్రిందట, మేము క్రొత్తగా ప్రదర్శకులమైన నాళ్లలో, మూసీ దిగువ నొక గ్రామమున వరి ప్రదర్శన క్షేత్రము పెట్టితిమి. మేము మిషను బడిలో చదువుకొన్నవారము. అచ్చుపడిన మాటను అక్షరాల పాటించుట చిన్ననాడే అలవడినది. పట్టికలో ఎకరమునకు 40 నుండి 50 కిలోల నత్రజని యని యుండగా, రెండు బస్తాలకు పైగా యూరియా వేయించితిమి. ఆ రైతు వద్దన్నాడు. "ఈ నీళ్లకు మల్ల ఎరువేస్తే పైరు పండుకుంటది సారూ" అని ఒకటికి రెండుమార్లు చెప్పినను మేము వినలేదు. పైరు నల్లగా, ఏపుగా పెరిగినది. ప్రక్క గ్రామముల వారిని పిలిచి చూపి గర్వించితిమి కూడ. ఈనిన పిదప ఒక్క గాలివానకు చేనంతయు చాప పరచినట్లు పడిపోయినది. పడిన చేనికి మెడవిరుపు తగిలినది. నూర్చి తూర్పారబట్టగా తాలే యెక్కువ. ఆ రైతు మమ్ము ఒక్క మాటయు అనలేదు. అది ఇప్పటికిని మాకు గుచ్చుకొనును.

తప్పు ఎచ్చట జరిగినదో కాగితము మీద లెక్క వేసి చూడుడు. ఎకరమనగా 4,047 చదరపు మీటర్లు. వరికి పంటకాలమంతయు కలిపి ఒక మీటరు లోతు నీరు పెట్టితిమనుకొందము. అది 40 లక్షల లీటర్లకు పైమాట. పట్టణపు మురుగు కలిసిన నీటిలో లీటరునకు 30 మిల్లీగ్రాముల నత్రజని యున్నదనుకొన్నచో, ఆ నీటితోనే ఎకరమునకు సుమారు 120 కిలోల నత్రజని వచ్చి చేరును. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 21 కిలోలకు మించదు గావున, ఇది దాదాపు 6 బస్తాలతో సమానము. ఇందు కొంత గాలిలో కలియును, కొంత క్రిందికి దిగిపోవును. అయినను మిగిలినదే పైరునకు చాలును, ఎక్కువయు నగును. మేము దానిమీద మరి రెండు బస్తాలు కుమ్మరించితిమి! రైతు కన్నులార చూచినదానిని చెప్పినాడు. మేము పట్టికను చూచితిమి గాని కాలువను చూడలేదు. ఆ కాలువలోని నీటిని సీసాలో పట్టి, నత్రజని యెంత, ఉప్పెంత, విషమెంత అని కొలిచి, కొలతను రైతు అనుభవముతో సరిచూచి, ఆ మడికి తగిన మోతాదు చెప్పగలుగుటయే విశ్వవిద్యాలయమున నేర్పు చదువు. అందులో నీటిని, గాలిని, జీవరాశిని గూర్చిన భాగమునకు పర్యావరణశాస్త్ర మని పేరు. పైరును, నేలను గూర్చినది వ్యవసాయశాస్త్రము. పుస్తకములలో ఇవి వేరు వేరు అధ్యాయములు గాని, ఉప్పలు మడిలో రెండును ఒకే బురద.

మూసీ అనంతగిరి కొండలలో పుట్టి, నగరము మధ్యగా ప్రవహించి, వాడపల్లి యొద్ద కృష్ణలో కలియును. 1908 సెప్టెంబరు 28న వచ్చిన వరదలో నగరము అల్లకల్లోలమైనది. అటుపిమ్మట 1920లో ఉస్మానుసాగరు, 1927లో హిమాయతుసాగరు పూర్తి యయ్యెను. వరద భయము తగ్గినది, త్రాగునీరు దొరికినది. కాని పైనీరు చెరువులలో నిలిచిపోయినందున, వానలు లేని నెలలలో నగరము దాటిన మూసీలో ప్రవహించునది ముఖ్యముగా నగరవాసులు వాడి విడిచిన నీరే. వేసవిలో నదులన్నియు ఎండుచుండగా ఉప్పలు, పీర్జాదిగూడ, పర్వతాపురము, ప్రతాపసింగారము మళ్లు పచ్చగా నుండుటకు కారణ మిదియే. ఈ నీటికి వరికంటె గడ్డి బాగుగా తట్టుకొనును. పారాగడ్డి ఆఫ్రికా ఖండపు మొక్క. బ్రెజిలులోని పారా రాష్ట్రము పేరు దానికి స్థిరపడినది. కణుపుల ముక్కలు నాటిన రెండు రెండున్నర నెలలకు మొదటి కోత, తరువాత నెలకో, నలువది దినములకో మరియొక కోత. చేతికి ఎప్పుడును నగదు తగులుచుండును. అందుకే రెండు తరములుగా ఎందరో కౌలుదారులు దానిని నమ్ముకొనియున్నారు. 2000వ సంవత్సరము తరువాత అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థవారు మూసీ వెంబడి నడచి పరిశీలించిన సేద్య మిదియే.

లాభము కంటికి కనబడును. నష్టము కనబడదు; అందుకే చదువు వలయును. ఇండ్ల మురుగులో నున్నది ఎరువు, క్రిములు, సబ్బు ఉప్పులు. కర్మాగారములు గల చోట దానికి వేరు సరకు తోడగును. నాచారము పారిశ్రామికవాడ నెరుగనివారు మనలో లేరు. ఏ వాడలోనైనను లోహపు పూత పనులలో క్రోమియము, బ్యాటరీల పనిలో సీసము, కాడ్మియము వాడుదురు. శుద్ధి చేయక విడిచినచో అవి కాలువలో పడును. మన తాతలు కట్టిన చెరువులు గొలుసుకట్టు. ఎగువ చెరువు అలుగు దిగువ చెరువునకు దారి. ఆ ఏర్పాటు నీటిని పంచుటకు ఎంత మంచిదో, మాలిన్యమును పంచుటకు నంతే అనుకూలము. నాచారము పెద్దచెరువున గాని, ఉప్పలు నల్లచెరువున గాని గుర్రపుడెక్క ఎందుకంత దట్టముగా అల్లుకొనునని అడుగువారికి ఇంతకు ముందు వేసిన నత్రజని లెక్కయే జవాబు.

అంబరుపేట, నాగోలు, నల్లచెరువుల యొద్ద మురుగును శుద్ధిచేయు కేంద్రములు వెలసినవి. అంబరుపేట కేంద్రమొక్కటే దినమునకు 339 మిలియను లీటర్ల నీటిని శుద్ధిచేయుటకు కట్టినది. ఇది మేలే. అయితే ఇట్టి కేంద్రములలో కుళ్లు తగ్గును. లోహములు చాలవరకు అడుగు బురదలో దిగును. కరగిన ఉప్పు మాత్రము నీటితోనే వెడలును. కాబట్టి శుద్ధమైన నీరు పారినను మడి చౌడు కాదని ధీమాగా నుండరాదు. ఆ అడుగు బురదను ఎరువుగా తోలుకొనువారు పరీక్ష లేకుండ తోలరాదు.

లోహముల సంగతి మరి కఠినము. నత్రజని ఎక్కువైనచో ఒక పంటతో పోవును. కాడ్మియము నేలలో చేరినచో మనుమల కాలము వరకు నుండును. జర్మనీ దేశమున బెర్లిను నగరమువారు పందొమ్మిదవ శతాబ్దము చివరి భాగమున తమ మురుగునంతను ఊరి వెలుపలి పొలములకు పారించి కూరగాయలు, గడ్డి పండించిరి. నూరేండ్లు బాగుగనే పండినవి. 1980ల దశకమున ఆ పొలములను చాలవరకు విడిచిపెట్టిన పిదప నేలను పరీక్షింపగా, లోహములు పేరుకొని యుండెను. అటువంటి చోట్ల ఆహారపు పంట వేయుటకు వీలులేకపోయినది. ఆ నూరేండ్లలో మొదటి యిరువది యేండ్లకొకమారు మట్టిని కొలిచియుండినచో ఎంత మేలయ్యెడిది! మన హైదరాబాదులో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు పటాన్‌చెరువు, కాటేదాను వంటి పారిశ్రామిక ప్రాంతముల నేలలలో లోహములను కొలిచి ప్రకటించియున్నారు. ఆ సంస్థ 1961లో ఏర్పడినది. మన ఉప్పలు రోడ్డు మీదనే యున్నది. దానికి కొంచె మవతల కణ, అణుజీవశాస్త్ర కేంద్రము. ఇంకను పడమరగా తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ. దాని ప్రక్కనే ఉస్మానియా విశ్వవిద్యాలయము. గడ్డిబండి ఈ గవనుల ముందునుండియే పోవుచున్నది. బండి తోలువాని బిడ్డ లోపలికి పోవలెనన్నదే మా కోరిక.

ఇక ఆ చదువు ఎక్కడ, ఎట్లు అన్న సంగతి. హైదరాబాదు వ్యవసాయ కళాశాల 1946లో ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చెందినదిగా మొదలైనది. 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయ మేర్పడగా రాజేంద్రనగరులోని ఈ కళాశాల దానిలో చేరెను. రాష్ట్ర విభజన పిదప 2014లో ఆచార్య జయశంకర్ పేరిట తెలంగాణకు వేరుగా వ్యవసాయ విశ్వవిద్యాలయము వచ్చినది. బి.ఎస్సీ. వ్యవసాయము నాలుగేండ్ల చదువు. పైరు పెంపకము, నేల, పురుగులు, తెగుళ్లు, విత్తనోత్పత్తి, వ్యవసాయ ఆర్థికము, విస్తరణ ఇందుండును. సమస్యాత్మక భూములను గూర్చి వేరుగా నొక పాఠ్యభాగము కలదు. చౌడునేలలు, సాగునీటి నాణ్యత అందులోనివే. సర్వోన్నత న్యాయస్థానము 1991లో పర్యావరణమును విద్యార్థులందరికి బోధింపవలయునని ఆదేశించిన నాటినుండి, వ్యవసాయ విద్యార్థులకే గాక ఏ పట్టము చదువువారికైనను ఆ విషయము తప్పనిసరి అగుచు వచ్చినది. కేవలము పర్యావరణశాస్త్రములోనే పై చదువు కోరువారికి ఉస్మానియాలో ఎం.ఎస్సీ. కలదు.

చివరి సంవత్సరమున వ్యవసాయ విద్యార్థులు కొన్ని నెలలు గ్రామములకు పోయి, ఒక్కొక్కరు ఒక్కొక్క రైతు వెంట నుండి పని నేర్వవలయును. ఈ ఏర్పాటు మాకు అన్నిటికంటె ఇష్టమైనది. ఇచ్చట మా మనసులోని మాట యొకటి. రాజేంద్రనగరు హిమాయతుసాగరు చెంత, నదికి ఎగువ నున్నది; ఉప్పలు దిగువ నున్నది. నీరు అక్కడి నుండి మన దగ్గరకు తనంతట తాను వచ్చును గాని, చదువు అట్లు పారి రాదు. విద్యార్థులలో నలుగురైనను ఈ గడ్డిమళ్లలో ఆ నెలలు గడపినచో వారికి దొరకు పాఠము వేరొక గ్రామమున దొరకదు.

ప్రవేశమునకు ఇంటర్మీడియటులో జీవశాస్త్రములు చదివి, రాష్ట్ర ప్రవేశపరీక్షయైన ఈ.ఏ.పి.సెట్ వ్రాసి, ఆ స్థానమును బట్టి సీటు పొందవలయును. పదవ తరగతి పిదప పాలిసెట్ వ్రాసి రెండేండ్ల వ్యవసాయ డిప్లొమా చేసి, అటుపై అగ్రిసెట్ ద్వారా పట్టపు చదువులో చేరు మార్గమును కలదు. డబ్బు తక్కువైన యిండ్లకు ఇది మంచి త్రోవ. డిప్లొమాతోనే వ్యవసాయ విస్తరణాధికారి పరీక్షకు పోవచ్చును గదా.

రైతుబిడ్డలకు ప్రత్యేకమైన వాటా యున్నదని అందరును విందురు. అది నిజమే. కాని దాని షరతులు చదివినవారు కొద్దిమందియే. చిరకాలముగా వచ్చుచున్న నియమము ప్రకారము పురపాలక సంఘముల హద్దులకు వెలుపలి బడులలో కనీసము నాలుగేండ్లు చదివియుండవలయును. ఇంటివారికి ఎకరమైనను స్వంతభూమి యుండవలయును. పల్లె పిల్లలకు మేలు చేయుటకే ఈ నియమము పెట్టినారు. దానిని మేము తప్పుబట్టము. అయితే మన యెదుట కూర్చున్న పిల్ల సంగతి చూడుడు. ఉప్పలు 2007 ఏప్రిలులో మహానగర పాలకసంస్థలో కలిసినది. అంతకు ముందును అది పురపాలక సంఘమే. ఆమె చదివిన బడులన్నియు పురము లోపలివే. తండ్రి దున్నునది కౌలునేల; పాసుపుస్తకము వేరొకరి పేర నున్నది. అనగా తెల్లవారుజామున మోకాటిలోతు మురుగులో నిలిచి గడ్డి కోసి, ఎనిమిది గంటలకు కళాశాలకు పోయిన పిల్ల, కాగితము మీద రైతుబిడ్డ కాదు! ఈ మాట విని తండ్రి నవ్వెను. ఆమె నవ్వలేదు. ఆమె సాధారణ ర్యాంకుతోనో, తన కులపు రిజర్వేషనుతోనో పోటీ పడవలసినదే. షరతులు ఏటేట మారవచ్చును గావున, ఆ యేటి ప్రవేశ ప్రకటనను మొదటినుండి తుదివరకు చదివిన పిమ్మటనే ఆశయైనను నిరాశయైనను పెట్టుకొనుడు. చదివి చెప్పువారు లేనియెడల మన కార్యాలయమునకు రండు.

తండ్రి రెండవ ప్రశ్న మిగిలినది. చదివిన పిదప ఈ భూమి యుండునా? "ఉండకపోవచ్చు అన్నా" అని మేము నిజమే చెప్పితిమి. బాగాయతు అనగా తోటభూమి. ఉప్పల్ భగాయతు అను పేరులో తోట యింకను నిలిచియున్నది గాని, ఆ భూములు ప్రభుత్వము చేతికి పోయి ఇండ్లస్థలములై, 2019లో హెచ్.ఎం.డి.ఏ.వారి వేలములో గజముల లెక్కన అమ్ముడుపోయినవి. 2017 నవంబరులో మెట్రో రైలు మొదలైన నాటినుండి నాగోలు, ఉప్పలు నేలల ధర కౌలుదారుని ఊహకు అందునది కాదు. యజమాని అమ్మెదననిన నాడు కౌలుదారు కొడవలి తీసికొని లేచిపోవలసినదే. పట్టపు చదువు ఆ అమ్మకమును ఆపలేదు. ఆపునని చెప్పి ఏ తండ్రినైనను ఒప్పించుట మోసము.

మేము చెప్పగలిగినది వేరు. గడ్డిమడి పోయినను నగరపు నీరు పోదు. జనము పెరిగినకొలది అది పెరుగుచునే యుండును. ఉప్పలులో ఇండ్లు లేచినచో ఆ నీరు ఇంకను దిగువకు, ఏదులాబాదు వైపునకు పోయి అక్కడి వరిమళ్లను తడుపును. ఆ గ్రామములలో ఏ నీటికి ఏ పైరు, ఎంత ఎరువు, ఏ బావినీరు పశువులకు పెట్టరాదు అని చెప్పువారు కావలయును. మట్టి పరీక్షాకేంద్రములలో, కాలుష్య నియంత్రణ మండలిలో, శుద్ధి కేంద్రములలో, పరిశోధనసంస్థలలో ఆ పని తెలిసినవారికి చోటు కలదు. అందరికిని ఉద్యోగము దొరకునని మేము పూచీపడము. మాతో చదివినవారిలో విత్తనముల దుకాణములలో లెక్కలు వ్రాయుచున్నవారు నున్నారు. కాని ఈ బురద వాసన ఎరిగినవారు ఆ బల్లయొద్ద కూర్చున్నచో మేము చేసినట్టి తప్పిదము చేయరు.

ఇంత చెప్పినను ఆయన ఔననలేదు, కాదననూ లేదు. "ఒక్కసారి మా మడి చూసి పోండ్రి సారూ" అని మాత్రము పిలిచెను. మరునాటి తెల్లవారుజామున మేము పోతిమి. మట్టి నమూనా తీయు పద్ధతి పిల్లకు చూపితిమి. మడిలో ఎనిమిది పది చోట్ల, గట్టునకును, ఎరువుకుప్పకును దూరముగా, పై చెత్త తొలగించి, 15 సెంటీమీటర్ల లోతున ఆంగ్లపు వి అక్షరమువలె గుంట చేసి, అంచునుండి పలుచని పొర తీయవలయును. అన్నియు కలిపి, నాలుగు భాగములు చేసి, ఎదురెదురు రెండు భాగములు పారవేయుచు అరకిలో మిగులువరకు తగ్గించి, నీడలో ఆరబెట్టవలయును. తండ్రి తన ఖుర్పీ అందించెను. లోహములు పరీక్షింపదలచినప్పుడు ఇనుప పనిముట్టు వాడరాదని మేము చెప్పగా, పిల్ల గట్టుమీది వెదురుబద్ద నొకదానిని విరిచి చెక్కుకొని అదే వాడినది.

సంచి కట్టుచు ఆమె మమ్ము అడిగెను: "ఈ గడ్డి తిన్న బర్రె పాలల్ల ఆ కాడ్మియం ఎంత వస్తది సారూ?"

మట్టిని, గడ్డిని, పాలను మూడింటిని కొలిచి ప్రక్క ప్రక్కన పెట్టి చూచిన గాని చెప్పలేమంటిమి. ఈ ఒక్క మడికి ఆ మూడు కొలతలు ఎవరును తీసినట్లు మాకు తెలియదు. ఆమె సంచిమీద తారీఖు, మడిపేరు, లోతు వ్రాసి ప్రక్కన పెట్టెను. తండ్రి అంతవరకు మోపు కట్టుచు మావైపు చూడనట్లే యుండెను. మేము లేచి చెప్పులు తొడుగుకొనుచుండగా ఆయన కాలువవైపు చేయి చూపి, "గా మొదటి మడిల గూడ తియ్యి బిడ్డా. నీళ్లు ముందుగాల అండ్లకే వస్తయి" అనెను.